అక్క పంపిన ఫోను

నాయనా, శ్రీ సిటీలో నేను బాగానే ఉన్నాను, కంగారుపడొద్దు.

కువైట్ నుంచి అక్క పంపిన కొత్త ఫోనులో నా సిమ్ వేస్తే పనిచేయలేదు. సెల్లు అంగడాయన చూసి, "దీనికి ఆ దేశం కంపెనీ లాక్ ఉండాదమ్మా. వాళ్లు తీస్తేనే మన సిమ్ము పట్టేది. ఎప్పుడు తీస్తారో మీయక్కనే అడుగు" అన్నాడు.

హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి వేదిక ఫోను తీసుకుని అక్కను అడిగాను. "ఇంగా రెండేండ్లు తీయరు లోహితా. పోయిన నెల్లో ఈడ పని పొడిగించుకున్నా, ఆ రెండేండ్ల గడువుకే ఈడి కంపెనీ దగ్గర వాయిదాల మీద ఫోను తీసుకున్నా. ఉగాదికొస్తానని నాయనకు చెప్పినా గదా, ఇప్పుడు రానని చెప్పేదానికి నోరు రాలేదు" అని ఏడ్చింది.

ఆ మాట నీకు ఫోనులో చెప్పడానికి నాకూ ధైర్యం చాల్లేదు, అందుకే ఈ పోస్టు కార్డు రాస్తున్నా. వేదిక తన పాత ఫోను ఇచ్చింది. దానికి ఏ లాకూ లేదు, నా సిమ్ పట్టింది.

బీపీ మాత్రలు ఉన్నాయా? పాకాల చిన్నబ్బ మామకు కాలు నయమైందా? అక్క సంగతి అమ్మకు నువ్వే మెల్లగా చెప్పు.

శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి అక్క ఫోను చేస్తుంది. ఎప్పుడొస్తావని అడగొద్దు నాయనా. ఏం తిన్నావని అడుగు. తను తీరిగ్గా చెప్పేదాకా పెట్టేయకు.

అందరికీ నమస్కారాలతో,
లోహిత