ఉమ్మడి గోడకు మీటరు ఖాళీ

పలాస రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు, ఉద్దానం తీరంలోని గుల్లలపేట గ్రామ నివాసి తామాడ ఉమామహేష్ వ్రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: మా దొడ్డిలో పడుకునేంత గది ఒకటి కట్టుకొనుటకు అనుమతి మంజూరు చేయుట, అది కుదరనిచో, కుదరదను మాటను రాతపూర్వకముగా తెలియజేయుట – గురించి.

సూచిక: 1. నా ఆన్‌లైన్ దరఖాస్తు. 2. దానిపై వచ్చిన షార్ట్‌ఫాల్ (లోపమున్నదని తిప్పి పంపిన కాగితం). 3. సవరించిన దరఖాస్తు. 4. దానిపై వచ్చిన అదే షార్ట్‌ఫాల్.

పై విషయమును పురస్కరించుకొని తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా అమ్మ తామాడ లక్ష్మీకుమారి పలాసలో జీడిపిక్కలు కొట్టే పని చేసి నన్ను పెంచినది. రెండు మూత్రపిండాలు పాడైనందున ప్రస్తుతం ఏ పనీ చేయుట లేదు. ఈ జబ్బు గురించి ఉద్దానంలో పనిచేసే అధికారికి నేను వివరించనక్కరలేదు. వారానికి మూడు సార్లు ఆటోలో పలాస పోయి డయాలసిస్ చేయించుకొనుచున్నది. సూదులు గుచ్చేందుకు చేతిలో అమర్చిన నరం రెండుసార్లు మూసుకుపోయినది. ఇప్పుడు మెడ దగ్గర పెట్టిన గొట్టం మీద బండి నడుచుచున్నది. ఆ గొట్టం ఎక్కువకాలం ఉంచితే చీము పట్టి ప్రాణం మీదికి వచ్చునని డాక్టరు గారు చెప్పినారు. కావున పొట్టలో వేరే గొట్టం అమర్చి, ఇంటివద్దనే రోజూ మందునీళ్ళు ఎక్కించుకొని దించుకొనే పద్ధతికి మారవలెనని నిర్ణయమైనది. అందుకు శుభ్రమైన గది ఒకటి కావలెను. నేను అడిగేది ఆ గది. మేడ కాదు, మిద్దె కాదు.

2. ఆసుపత్రి నుండి నర్సు వనజ గారు మా ఇల్లు తనిఖీకి వచ్చినారు. వీధి అరుగు దాటితే చీకటి నడవ, నడవ దాటితే వంటిల్లు, దాని వెనక దొడ్డి. ఇంతే మా ఇల్లు. నడవ మీద పెంకులు తిత్లీ తుపానుకు ఎగిరిపోగా అప్పుడు కప్పిన టార్పాలినే ఇప్పటికీ ఉన్నది. వనజ గారు నడవలో నిలబడి, "కిటికీ ఏదమ్మా?" అన్నారు.

"కిటికీ ఎక్కడెడతాం తల్లీ? ఇటేపు అప్పలసూరి, అటేపు కుసుమ. ఇద్దరి మొకాలూ నాను రోజూ సూత్తానే ఉన్నాను, మల్లీ కిటికీలోంచి కూడానా?" అన్నది మా అమ్మ.

వనజ గారు నవ్వలేదు. పొయ్యి పొగ రాని, దుమ్ము రాలని, వెలుతురు వచ్చే గది దొడ్డిలో కట్టుకోండి, నేలకు టైల్స్ వేయండి, గుమ్మం దగ్గరే కుళాయి పెట్టండి అన్నారు. గది చూసి తాను సంతకం పెడితేనే ఆపరేషనుకు తారీఖు ఇస్తారట. పోతూ పోతూ, చేతులు ఎట్లా కడగాలో అమ్మకు నేర్పించినారు. గోళ్ళు, వేళ్ళ సందులు, మోచేతి వరకు. కడిగిన చేతులు చూసి, "ఇంకా నల్లగా ఉన్నాయి, మళ్ళీ కడగండి" అన్నారు. అమ్మ మళ్ళీ కడిగినది.

"ఇది మురికి కాదమ్మా, జీడి సమురు. నాతోటే కాట్లోకొస్తాది" అన్నది.

వనజ గారు తన సంచిలోని కొత్త సబ్బు తీసి అక్కడే పెట్టి వెళ్ళిపోయినారు.

3. మా వీధిలో అనుమతి అడిగి కట్టిన ఇల్లు ఒక్కటీ లేదు. ఈ సంగతి తమకు తెలియజేసి ఎవరినీ ఇరికించే ఉద్దేశం నాకు లేదు, వీధిలోకి వస్తే గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. పక్కింటి అప్పలసూరి మావ తాపీమేస్త్రీ. "ఇటికలు నౌపడ నుంచి నాను తెప్పిత్తాను, వారం తిరక్కండా గోడలు లేపీత్తాను, నువ్వు నోర్మూసుకుని సిమెంటు కలుపు సాలు" అన్నాడు. నేను వద్దన్నాను. నేను డిగ్రీ మధ్యలో మానినవాడను గాని, చదువు మానినవాడను కాను. మీటింగుల దగ్గర పంచే చిన్న పుస్తకాలన్నీ చదివినాను. హక్కును అడిగి తీసుకోవాలి, దొడ్డిదారిన తెచ్చుకున్నది హక్కు కాదు అని వాటిలో ఉన్నది. నమ్మినాను. దరఖాస్తు దఖలు పరిచినాను. ఇప్పటికీ నమ్ముచున్నాను. మా అమ్మ జబ్బుకు డయాలసిస్ ఉన్నది, నా జబ్బుకు లేదు.

4. సదరు దరఖాస్తుపై వచ్చిన షార్ట్‌ఫాల్ ఏమనగా, కట్టడానికి ఇరువైపులా ఒక్కో మీటరు ఖాళీ విడువలేదట.

అయ్యా, మాది వరసిళ్ళ వీధి. మొదటి ఇంటి గోడే రెండో ఇంటి గోడ, రెండో ఇంటి దూలమే మూడో ఇంటి దూలం. వీధి ఈ చివర పిల్లి కప్పెక్కితే ఆ చివర దిగుతుంది. మా ఇంటి వెడల్పు పదకొండు అడుగులు. దొడ్డి కూడా అంతే. ఇటు మీటరు, అటు మీటరు తీసేస్తే మిగిలేది నాలుగున్నర అడుగులు. అందులో రెండు గోడల మందం తీసివేయగా మిగిలేది, తాము లెక్క వేసుకొనగలరు. మంచం పడితే తలుపు పడదు, తలుపు పడితే మంచం పడదు. అమ్మ నిలబడి డయాలసిస్ చేసుకోవలెనా? ఈ రూలు రాసిన పెద్దమనిషి ఎవరో గాని ఒక్క పూట మా నడవలో పడుకొని ఉంటే బాగుండేది.

అప్పలసూరి మావకు ఈ మాట చెప్పగా, "మీటరేటిరా అల్లుడూ! ఈ ఈదిలో మీటరు ఖాళీ ఎక్కడుంది, మనుసులుంటే!" అన్నాడు.

5. అనుమతి అనగా ఏమిటో మా వీధికి తెలియదని తాము అనుకోరాదు. ఉమ్మడి గోడకు ఇటువైపు మేకు కొడితే అటువైపు గడియారం రాలి పడుతుంది. కాబట్టి సుత్తి ఎత్తే ముందు కేక వేయవలెను. ఇది మా తాతల నాటి నుంచి ఉన్న రూలు.

"మావా, మేకు కొడతన్నాను!"

"ఆగొరే, గడియారం దించుతాను... ఆఁ, కొట్టు!"

ఆ "కొట్టు" అన్న మాట వినపడే వరకు సుత్తి దించరు. పోట్లాడుకొని మాటలు మానేసిన ఇళ్ళవాళ్ళు కూడా ఈ ఒక్క కేక మాత్రం మానరు. పోయిన ఏడాది కుసుమత్తకు, మా అమ్మకు కోడిపిల్లల దగ్గర తగువు వచ్చి చాలా రోజులు పలుకుల్లేవు. ఆ రోజుల్లో కూడా గోడలోంచి "కొట్టు" అని వచ్చేది. కొంచెం గట్టిగా వచ్చేది, అంతే. మీ ఆఫీసుల్లో నా దరఖాస్తుకు ఇంతవరకు "కొట్టు" అని గాని, "ఆగు" అని గాని రాలేదు. షార్ట్‌ఫాల్ అన్నది జవాబు కాదు.

6. పలాసలో ప్లాన్లు గీసే ఇంజినీరు గౌరీశంకర్ గారిని ఆశ్రయించినాను. ఆయన కంప్యూటర్లో మా ఇంటిని గీసి చూపినారు. చుట్టూ నాలుగు దిక్కులా గాలి. అప్పలసూరి మావ లేడు, కుసుమత్త లేదు. బీడులో ఒంటరి మేకలాగ మా ఇల్లొక్కటే నిలబడి ఉన్నది.

"ఇది ఎవరిల్లండీ?" అన్నాను.

"తమ్ముడూ, ఇది కంప్యూటర్ కోసం ఇల్లు. ఖాళీ దగ్గర సున్నా కొడితే అది తీసుకోదు. సంతకం పెట్టు, పాసైపోతుంది. కట్టేది నీకు నచ్చినట్టు కట్టుకో."

నేను సంతకం పెట్టలేదు. ఉన్న మనుషుల్ని లేరని ఎట్లా సంతకం పెడతాను? అరిచినాను కూడా. అరవడం తప్పే, కాని సంతకం పెట్టకపోవడం తప్పు కాదు. ఉన్నది ఉన్నట్టు గీసిన ప్లానుతోనే మళ్ళీ దఖలు చేసినాను. దాని ఫలితము సూచిక 4లో మనవి చేసియున్నాను.

7. మా గ్రామ కార్యదర్శి చంద్రమౌళి గారు చెడ్డవారు కారు. ఈ మాట కోపంలో కూడా రాస్తున్నాను. నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి ఇట్లా అన్నారు:

"నువ్వు అడక్కుండా కట్టేసుంటే నేను చూసేవాణ్ణి కాదు బాబూ. మీ వీధిలో ఎన్ని చూడలేదు నేను! కానీ నువ్వడిగేశావు. ఫైలు నడుస్తోంది. ఇప్పుడు ఇటుక పడితే నేను చూసినట్టే లెక్క."

"మరి దారేది?"

"ఇంట్లోనే డయాలసిస్ చేసుకుంటున్న పేషెంటని ఆసుపత్రి కాగితం తే. అనారోగ్య కారణమని రాసి పైకి పంపిస్తాను."

ఆసుపత్రికి పోయినాను. గది ఉంటేనే ఇంట్లో డయాలసిస్, ఇంట్లో డయాలసిస్ మొదలైతేనే ఆ కాగితం అన్నారు. గదికి కాగితం కావలెను, కాగితానికి గది కావలెను. పోనీ, గదికి అనుమతి లేదని రాసివ్వండి, పైఅధికారికి అప్పీలు చేసుకుంటాను అని చంద్రమౌళి గారిని అడిగినాను. తిరస్కరించే అధికారం తనకు లేదన్నారు. మంజూరు చేసే అధికారం? అదీ లేదు. మరి ఏ అధికారం ఉన్నదండీ అంటే, "చూసే అధికారం" అన్నారు. పాపం, నిజమే చెప్పినారు.

8. ఈ అంశములో ఫిర్యాదు ఏమీ లేదు. మొన్న డయాలసిస్ మీద ఉండగానే అమ్మకు చలి పట్టుకున్నది. మంచం గడగడలాడింది. మెడ గొట్టం దగ్గర చీము చేరుతున్నదని ఇంజెక్షన్లు ఇచ్చి, డాక్టరు గారు నన్ను బయటికి పిలిచి, "గది ఎంతవరకు వచ్చింది?" అన్నారు.

"ఫైలు పలాస డివిజన్ దాకా తీసుకెళ్తున్నానండి" అన్నాను.

"నేనడిగింది గది" అన్నారు.

కావున తాము దయయుంచి, వరసిళ్ళ వీధికి వరసిళ్ళ రూలు ఒకటి ఉండునట్లు చూసి, ఉన్నది ఉన్నట్టు గీసిన నా ప్లానును మంజూరు చేయవలెనని ప్రార్థన. చిత్తగించవలెను. చిత్తం లేనిచో తిరస్కరించవలెను, కాని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి తిరస్కరించవలెను. గాలిలో వేలాడదీయడం మాత్రం వద్దు, ఆ పని మాకు తుపాన్లు చేస్తున్నవి.

ఇట్లు,
తమ విధేయుడు (ఈ కాగితం వరకు),
తామాడ ఉమామహేష్

తా.క.: పై అర్జీ రాసి, జిరాక్స్ తీయించుటకు పలాస వెళ్ళి వచ్చేసరికి మా దొడ్డిలో గోడలు నా నడుం ఎత్తున లేచి ఉన్నవి. అప్పలసూరి మావ తాపీ పట్టుకున్నాడు. కుసుమత్త తట్ట మోస్తున్నది. వీధిలో సగం మంది అక్కడే ఉన్నారు. ఖాళీ లేకుండా, ఇటు గోడ నుంచి అటు గోడ వరకు కట్టేస్తున్నారు. అమ్మ దొడ్డి గుమ్మంలో కుర్చీ వేసుకొని మెడకు కండువా చుట్టుకొని చూస్తున్నది.

నాకు ఒళ్ళు మండింది. "ఎవరినడిగి కడతన్నారు?" అని అరిచినాను.

"ఇటు గోడనడిగినాను, 'కొట్టు' అన్నాడు మీ మావ. అటు గోడనడిగినాను, 'కొట్టు' అంది కుసుమ. ఇంకెవుల్నడగాలిరా?" అన్నది అమ్మ.

"ఈ అర్జీ ఇప్పుడిస్తే మనింటి మీద మనమే ఫిర్యాదు ఇచ్చుకున్నట్టు. ఇవ్వకపోతే దొంగతనంగా కట్టినట్టు. నన్నేటి సెయ్యమంతావు?"

"అర్జీ ఇచ్చీ. కట్టినామని కూడా రాసీ. నీకు అబద్దం పడదు, నాకు సలి పడదు. ఎవుల జబ్బు ఆల్లది."

సాయంత్రానికి చంద్రమౌళి గారు స్కూటరు మీద వచ్చినారు. వీధి మొదట్లో ఆగి చాలాసేపు సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. చివరికి ఇటు తిరిగి, "చూశాను బాబూ" అన్నారు. పని ఆపమని, ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని, లేనిచో కూల్చబడునని అమ్మ చేతికి నోటీసు ఇచ్చినారు. అయ్యా, మూడు ఆఫీసులు తిరిగి నేను సంపాదించలేని రాతపూర్వకమైన జవాబు మా అమ్మకు ఒక్క పూటలో వచ్చినది. అమ్మ సంతకం పెట్టి, ఆయనకు మంచినీళ్ళు ఇచ్చినది.

పని ఆపలేదు. ఈ మూడు రోజుల్లో గోడలు పూర్తయినవి. ఈ అర్జీనే సదరు నోటీసుకు సంజాయిషీగా కూడా భావించవలెను. రేపు స్లాబు. ఆ తరువాత టైల్స్. వనజ గారు వచ్చే వారం చూడవస్తానన్నారు.

తాము గాని, తమ సిబ్బంది గాని సదరు గదిని కూల్చుటకు రావలసివచ్చినచో నాకు అభ్యంతరం లేదు. ఉన్నది. కాని నేను అడ్డం పడుకొనను, అమ్మ ఒప్పుకోదు. వచ్చినవారు చెప్పులు దొడ్డి గుమ్మం బయట విడువవలెను. గుమ్మం పక్కన కుళాయి, దాని మీద వనజ గారిచ్చిన సబ్బు ఉన్నవి. గునపం పట్టుకొనే ముందు గోళ్ళు, వేళ్ళ సందులు, మోచేతుల వరకు కడుక్కోవలెను. లోపల అమ్మ పొట్టకు గొట్టంతో ఉండవచ్చును.

పిదప, మొదటి దెబ్బ వేయకముందు ఇటు అప్పలసూరి మావకు, అటు కుసుమత్తకు ఒక్కో కేక వేయవలెను. అది మా వీధి రూలు. "కొట్టు" అని జవాబు వచ్చేవరకు ఆగవలెను.