చెల్లి కంప్యూటర్లో కాఫీ

మార్చి 3, సోమవారం. ఉదయం 6.40
ప్రార్థన అయింది. మనసు నిర్మలంగా ఉంది. చెల్లి వారం రోజుల శిక్షణకని నిన్ననే ఊరెళ్ళింది. తన గది దుమ్ము దులిపి పెడదామని వెళ్ళాను.

7.05
కంప్యూటరు పెట్టె మీద కాఫీ గ్లాసు పెట్టాను. దులిపే గుడ్డ తగిలింది. గ్లాసు దొర్లింది. పెట్టె పైన జల్లెడలా చిల్లులు. గాలాడటానికట. కాఫీ కూడా బాగానే ఆడింది.

7.06
దేవుడా!

7.30
ప్లగ్గు పీకాను. చెల్లి ఆరేళ్ళ పరిశోధన మొత్తం అందులోనే ఉంది. చీమల మీద. వచ్చే మంగళవారం కాలేజీలో అప్పగించాలి. ఇంకోచోట కూడా దాచుకోవే అని వందసార్లు చెప్పాను. ఇప్పుడు ఆ మాట గుర్తుచేసే అర్హత నాకు లేదు.

సంకల్పం: ఆదివారం తను వచ్చేలోగా ఒక్కో భాగమూ విప్పి, తుడిచి, ఆరబెట్టి, సరిచూస్తాను. రోజుకో గంట.
తొందర వద్దు. కోపం వద్దు. అబద్ధం వద్దు.
ఇంట్లో అందరికీ ఇన్నేళ్ళుగా నేను చెబుతున్నవే. నాకదెంత పని!

మార్చి 4, మంగళవారం
రిపేరు షాపు ఆవిడకి ఫోన్ చేశాను.
"నీళ్ళు తగలనివ్వకండమ్మా. మెత్తటి బ్రష్షు, స్పిరిట్. తుడిచాక ఆదివారం దాకా ఆరాలి. అప్పటిదాకా కరెంటు చూపించొద్దు."
"సహనం నాకు అలవాటేనమ్మా" అన్నాను.

తమ్ముడు స్క్రూడ్రైవరుతో దిగాడు. యంత్రాలు తనకి కొట్టిన పిండి అంటాడు. పోయినేడు మిక్సీ బాగుచేశాడు. ఇప్పుడు మాకు మిక్సీ లేదు.
"ఎవరి చేతిలోంచి ఒలికిందక్కా?"
"నా చేతిలోంచే."
"నువ్వా!" పళ్ళికిలించాడు. "ఇన్నాళ్ళకి నా జట్టులో పడ్డావు."
కోపం రాలేదు. దాదాపు.

విప్పినవి: ఫ్యాన్లు రెండు, మెమరీ ముక్కలు రెండు, హార్డ్ డిస్క్, పవర్ సప్లై డబ్బా, మదర్‌బోర్డు. స్క్రూలు ఇరవై ఆరు. ఏది ఎక్కడిదో రాసుకున్నానన్నాడు. ఎక్కడ రాసుకున్నాడో రాసుకోలేదు.

సాయంత్రం చెల్లి ఫోన్. "అక్కా, నా గది జాగ్రత్త. అన్నయ్యని అడుగు పెట్టనివ్వకు. అన్నయ్య చెయ్యి పడితే ఏదీ బతకదు."
"గది శుభ్రంగా ఉందే" అన్నాను. అబద్ధం కాదు. అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

మార్చి 5, బుధవారం
చీమలు! పెట్టె నిండా. తీపి కాఫీ కదా. ఆరేళ్ళుగా చెల్లి వాటి వెంట గుట్టలూ పుట్టలూ తిరిగింది. ఆమె లేని వారం చూసుకుని అవే ఇంటికొచ్చాయి.

దూదిపుల్లలతో మూడు గంటలు తుడిచాను. పెద్ద ఫ్యాను విప్పిన చోట, నడిమి చిప్పు మీద బూడిదరంగు జిడ్డు. ఎన్నేళ్ళ మురికో! చెల్లికి శుభ్రత ఎప్పుడు అబ్బింది గనక. గోరుతో గీకి అద్దంలా మెరిపించాను. ఈ వారం నాకు తృప్తినిచ్చిన పని ఇదొక్కటే.

మార్చి 6, గురువారం
ఉదయం: ఆరుతోంది.
మధ్యాహ్నం: ఆరుతోంది.
నాలుగింటికి తమ్ముడు: "ఎప్పుడో ఆరిపోయిందక్కా."
"ఆదివారం దాకా అన్నారుగా."
"వాళ్ళు అలాగే అంటారు."
మాట కొట్టిపారేశాను. కానీ మనసులోంచి పోలేదు.

చెల్లి ఫోన్. "ఫ్యాను ఆపావా గదిలో?"
"ఏ ఫ్యానూ తిరగడం లేదే." నిజమే. కంప్యూటరువి రెండూ నా పళ్ళెంలో ఆరుతున్నాయి.

మార్చి 7, శుక్రవారం
10.15. బిగించాం. స్క్రూలు నాలుగు మిగిలాయి. "ఎక్కువే వేస్తారు వాళ్ళు" అన్నాడు తమ్ముడు.
10.40. ఆదివారం దాకా స్విచ్చు ముట్టుకోకూడదు.
10.41. వేశాను. నేనే. వాడు కాదు. ఈ సంగతి రాసి ఉండాలి.
10.42. వెలిగింది! చెల్లి పేరు తెర మీదకొచ్చింది!
10.44. ఆరిపోయింది.
10.50. మళ్ళీ వేశాను. వెలిగింది. ఆరిపోయింది. ఇక వెలగలేదు.
11.00. "ఆ నాలుగు స్క్రూలూ నువ్వే మింగరా!" అని అరిచాను. పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. నా గొంతు అంత పెద్దదని వాళ్ళకీ నాకూ ఇవాళే తెలిసింది.

తొందర, కోపం. రెండూ అయ్యాయి. మిగిలింది ఒక్కటి.

మార్చి 8, శనివారం
షాపుకి మోసుకెళ్ళాం. ఆవిడ ఫ్యాను ఎత్తి చిప్పు చూసింది.
"ఇంత నున్నగా ఎవరు చేశారమ్మా?"
పొగడ్త అనుకున్నాను. "నేనే."
"అది మురికి కాదమ్మా, పేస్టు. చిప్పు వేడిని ఫ్యాను దగ్గరికి చేరవేసేది అదే. అది లేక వేడెక్కి ఆగిపోయింది. పైగా సందుల్లో తడి ఉండగానే కరెంటిచ్చారు. ఈ బోర్డు ఇక లేవదు."
తమ్ముడు గోడవైపు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుపు కాదు.

హార్డ్ డిస్క్‌ని విడిగా ఇంకో యంత్రానికి తగిలించింది. కళ్ళు మూసుకున్నాను.
"ఇదిగోనమ్మా, మూడువందల పన్నెండు పేజీలు."
చీమలు క్షేమం! రెండు పెన్‌డ్రైవుల్లో వేయించాను.

మార్చి 9, ఆదివారం
చెల్లి వచ్చింది. ఖాళీ బల్ల చూసింది. నన్ను అడగనైనా లేదు. తిన్నగా తమ్ముడి మీదకి వెళ్ళింది.
"ఏం చేశావన్నయ్యా నా కంప్యూటర్ని?"
పెన్‌డ్రైవులు చేతికిచ్చాను. ఒకటికి రెండుసార్లు తెరిచి చూసుకుని కూలబడింది. "ఇది దక్కింది కాబట్టి సరిపోయింది. అయినా నీతో మాట్లాడనన్నయ్యా, పో."
అప్పుడు చెప్పాను. "కాఫీ ఒలకబోసింది నేను. పేస్టు గీకింది నేను. ఆగలేక స్విచ్చు వేసిందీ నేనే."
జాలిగా చూసింది. "చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు. అన్నయ్యని వెనకేసుకురావడం."
"నిజమేనే!"
"నువ్వు ఆగలేకపోయావా? ఎవరికి చెబుతావక్కా!"
"నువ్వైనా చెప్పరా" అన్నాను తమ్ముడితో.
వాడు తల వంచుకున్నాడు. "అక్క ఏదంటే అదే."
వెధవ.
వంటింట్లో పట్టుకుని అడిగాను. "నీ మాటే నమ్మనిది నా మాట నమ్ముతుందా? పోనీలే, తిట్లు నాకు కొత్తా?" అన్నాడు. నవ్వలేదు.

మార్చి 10, సోమవారం
చెల్లి కాలేజీకి వెళ్తూ గదికి తాళం వేసింది. వాకిట్లో ఉన్న తమ్ముణ్ణి పలకరించలేదు. తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.
"అన్నయ్యకి మాత్రం ఇవ్వకక్కా."
తీసుకున్నాను.
తమ్ముడు చెప్పులు తొడుక్కుంటూ, "భద్రంగా దాచక్కా. ఈ ఇంట్లో నమ్మదగ్గ మనిషివి నువ్వొక్కదానివే" అన్నాడు.

సంకల్పం, మొదటి రోజు. తొందర వద్దు. కోపం వద్దు. అబద్ధం వద్దు.
సాయంత్రం చెల్లి రాగానే మళ్ళీ మొదటినుంచీ చెబుతాను. వాడితో మాట్లాడేదాకా రోజూ చెబుతాను.