ఒంటె జీను

మార్చి 3

యాడ్ బ్లాకర్ ఉన్న కంప్యూటర్లో యాడ్ కనబడింది. ముందు అక్కే చూసింది. అక్క దర్జీ. కాలర్ డిజైన్లు వెతుకుతుంటే పక్కన వినికిడి యంత్రం వచ్చి కూర్చుంది. ఇదెవరికే అని నవ్వింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఎడమ చెవి మీదికి వెళ్ళిపోయింది. జుట్టు సర్దుకుంటున్నట్టు నటించాను.

ఆ చెవి సంగతి ఈ డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని టైప్ చేయడం నా ఉద్యోగం. ఇంట్లోంచే చేస్తాను. చెవి పోయిందని తెలిస్తే ఉద్యోగం ఉంచరు. కంప్యూటర్ ఇద్దరిదీ కాబట్టి ఈ డైరీ ఆన్‌లైన్లో, పాస్‌వర్డ్ పెట్టి మరీ రాసుకుంటున్నాను.

మార్చి 4

మళ్ళీ అదే యాడ్. ఈసారి నేను కూర్చున్నప్పుడు, ఇంకాస్త పెద్దగా.

నేను దాని గురించి ఎక్కడా వెతకలేదు. ఫోన్లో ఎవరితోనూ అనలేదు. రాసింది ఇక్కడే. భయం వేసింది. కానీ దానికంటే ముందు, వీడికెలా తెలిసిందబ్బా అనిపించింది. చిన్నప్పుడు గడియారం విప్పి తన్నులు తిన్న బుద్ధి ఎక్కడికి పోతుంది?

భోజనం దగ్గర అక్క ఏదో అంది. ఊఁ అన్నాను. గత నెల నుంచి బల్లకు అటువైపు కూర్చుంటోంది. కిటికీ వెలుగు కళ్ళలో పడుతోందట.

మార్చి 5, ఉదయం 11

బ్రౌజర్లో ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరిచాను. యాడ్ బ్లాకర్ కింద, నాలుగేళ్ళ క్రితం నేను చదవకుండానే సరేనన్న వాక్యం ఉంది. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు. అన్ని అంటే ఈ డైరీ కూడా. ఆఫీసు పేజీలు కూడా. అంటే పేషెంట్ల ఫైళ్ళు.

రివ్యూలన్నీ అడుగు దాకా చదివాను. మూడు నెలల కిందట దాన్ని ఎవరికో అమ్మేశారట. పేరు అదే, బొమ్మ అదే, లోపల మనుషులు వేరు. కంచే చేను మేస్తోంది.

ఆఫీసుకు చెప్పి తీరాలి. నీకెలా తెలిసిందని అడుగుతారు. ఏ యాడ్ అని అడుగుతారు. అప్పుడేం చెప్పను? వేరే సాక్ష్యం కావాలి. అందుకే యాడ్ బ్లాకర్ని ఇంకా తీసేయను. అందాకా ఆఫీసు పేజీలు మాత్రం తెరవను. జ్వరమని సెలవు పెట్టాను.

మార్చి 5, మధ్యాహ్నం 3

నాకు అర్జెంటుగా ఒంటె జీను కావాలి. తోలుది. ఒంటె జీను లేకపోతే నాకు పూట గడవదు. ఒంటె జీను. ఒంటె జీను.

మార్చి 7

వచ్చింది! పాపం, ఒంటెది దొరకలేదు కాబోలు, గుర్రం జీను చూపించాడు. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఏమైందే అని వంటింట్లోంచి మూడుసార్లు అడిగానని అక్క వచ్చి చెప్పింది.

మార్చి 7, సాయంత్రం

ఇక నుంచి నోటుబుక్కులోనే.

ఆఫీసులో సిస్టమ్స్ చూసే ఆయనకు ఫోన్ చేశాను. ప్రతి మాట చివరా జాగ్రత్త అంటారు కాబట్టి మా అందరికీ ఆయన జాగ్రత్తగారు. ఒంటె కథ విని పడీపడీ నవ్వారు. పేషెంట్ల ఫైళ్ళు అనగానే నవ్వు ఆగిపోయింది.

ఆయన చెబుతుంటే ఒక్కొక్కటీ చేశాను. ముందు పాతదాన్ని పీకేశాను. తర్వాత అన్ని చోట్లా లాగౌట్ అయి పాస్‌వర్డులు మార్చాను. కొత్తది వేసే ముందు దాన్ని తయారుచేసింది ఎవరో, కోడ్ అందరికీ కనబడుతుందో లేదో, ఏ అనుమతులు అడుగుతోందో చూడమన్నారు. చివరికి వేసినది నా పేజీలు చదవనే చదవదు. ఆపాల్సిన చిరునామాల జాబితా బ్రౌజర్ చేతిలో పెట్టి పక్కకు తప్పుకుంటుంది. రౌటర్లో కూడా ఒక ఫిల్టర్ పెట్టించారు. కొన్ని యాడ్లు ఇంట్లోకే రావట. ఇంత సులువైన పని నాలుగేళ్ళుగా చేయనందుకు సిగ్గేసింది.

అంతా అయ్యాక ఆయనకు ఒక సందేహం వచ్చింది. ముందే అనుమానం లేకపోతే ఒంటె ఎందుకు గుర్తొస్తుంది, అసలు మొదట వచ్చిన యాడ్ ఏమిటి అని అడిగారు. లైన్ బాగా లేదు, వినపడటం లేదు అని పెట్టేశాను. ఏడాదిగా వినపడనివన్నీ వినపడినట్టు తల ఊపుతున్నాను. వినపడిన మాటను వినపడలేదనడం ఇదే మొదలు.

మార్చి 8

వెబ్ పేజీల పక్కన ఎంత ఖాళీయో.

జాగ్రత్తగారి మెయిల్ వచ్చింది. ఇంకో నలుగురి దగ్గర అదే ఎక్స్‌టెన్షన్ దొరికిందట. రిపోర్టు జత చేశారు. మొదట వచ్చిన యాడ్ అన్నచోట గడి ఖాళీగా ఉంది. నింపి పంపమన్నారు.

మార్చి 9

గడి ఇంకా ఖాళీగానే ఉంది. అక్కను మిషన్ ఆపమన్నాను. చెవి గురించి మొత్తం చెప్పేశాను, ఉద్యోగం భయంతో సహా. మధ్యలో ఏడుపొచ్చింది. అక్క దారం కొరికి, సూది గుచ్చిపెట్టి, అప్పుడు నోరు విప్పింది.

"తెలుసే. నీ ఎడమపక్క కూర్చుని ఏం చెప్పినా ఊరికే తల ఊపేదానివి. అందుకే కుర్చీ మార్చా."

మరి కిటికీ వెలుగో అని అడిగాను. ఆ సందు కిటికీలోంచి ఏనాడైనా వెలుగొచ్చిందా అంది.

గడిలో వినికిడి యంత్రం అని రాసి పంపాను.

మార్చి 14

ముందు చెవి పరీక్ష చేయించుకురండి, తర్వాత ఉద్యోగం సంగతి మాట్లాడదాం అంది రిపోర్టు చూసిన సూపర్‌వైజర్.

చిన్న గది. హెడ్‌ఫోన్స్. శబ్దం వినపడితే బటన్ నొక్కాలి. కుడి చెవికి టకటకా నొక్కాను. తర్వాత ఎడమ చెవి అన్నారు. అద్దం అవతల పరీక్ష చేసే ఆమె చెయ్యి మీటల మీద కదులుతూనే ఉంది. అది చూసి నొక్కేయొచ్చు.

నొక్కలేదు.