అందరూ ఎడంచేతి వాళ్ళే

శనివారం, రాత్రి

ఉంగుటూరు డ్రాయింగు మాస్టారి బొమ్మకి ఫ్రేము కట్టడం అయిపోయింది. వీధిలో ఆడుకుంటున్న పిల్లల పాతకాలపు ఎచింగు. రాగిరేకు మీద గీసి, సిరా పూసి, కాగితం మీద అద్దుతారట. "అద్దితే కుడి ఎడమైపోతుందండీ, అద్దంలోలాగ" అని ఆయన బొమ్మ ఇచ్చిన రోజే చెప్పారు.

సాయంత్రం మా పాప కొట్టుకొచ్చి దాని ముందే కూర్చుండిపోయింది. "నాన్నా, బొంగరం అబ్బాయి ఎడంచేత్తోనే తిప్పుతున్నాడు. బంతి విసిరే అమ్మాయి కూడా. అందరూ నాలాగే!"

అవునన్నాను. అద్దినప్పుడు కుడి ఎడమైందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

రాత్రి అన్నాల దగ్గర మా అమ్మ ఎప్పటిలాగే "ఆ చెయ్యి కాదే" అని కసిరింది. రోజూ ఏడ్చే పిల్ల ఇవాళ నవ్వేసింది. "బొమ్మలో పిల్లల్ని ఎవరూ తిట్టట్లేదు నానమ్మా" అంటూ అదే చేత్తో ముద్ద కలుపుకుంది.

నేను చేసింది మంచో కాదో. ఎప్పటికైనా దానికి తెలియకపోదు...

రేపు ఆదివారం, పాప కొట్లోనే ఉంటుంది. బొమ్మ పట్టుకెళ్ళడానికి మాస్టారొస్తే ఆ కుడి ఎడమల సంగతి చెప్పకుండా ఉండలేరు. పొద్దున్నే, ఆయన మా గూడెం బస్సెక్కకముందే, బండి మీద ఉంగుటూరు వెళ్ళి ఫ్రేము నేనే ఇచ్చొస్తాను.