దేవుని అర్రల బండి పానాలు

తమ్మీ రాకేశ్,

నువ్వు లేచేసరికి నేను గజ్వేల్ బస్సెక్కి పోత. బండి తీసే ముందు గిది చదువు.

దసరా పూజకని బండి పానాలన్నీ దేవుని అర్రల పెట్టి మర్చిపోయినవ్ గదా, వాటి పసుపు తుడిచి మళ్ల బండి డబ్బాల పెట్టిన. పంచరు కిట్టు, దూది, పట్టీలు గూడ అండ్లనే ఉన్నయి. ఫోను నిండ చార్జింగు పెట్టుకొనే బయిల్దేరు.

మొన్న పెండ్లికి పోతుంటే చేర్యాల తొవ్వల చైను ఊడింది. డబ్బా తెరిస్తే ఏం దొరికింది? పూజల ఎండిపోయిన నిమ్మకాయ! నువ్వు దర్జాగ హ్యాండిల్ పట్టుకుంటివి. నేను పట్టుచీర కుచ్చిళ్లు నడుముకు చెక్కుకొని మెకానిక్ దుకాణం దాంక నూకితి. పెండ్లి ఫొటోలల్ల నా మొఖం చూడు, ఎట్లున్నదో!

హెల్మెటు ఇంకా దేవుని కాడనే ఉంది. "పూజల పెట్టినదాన్ని ఎట్ల వాడుత అక్కా" అని సాకులు చెప్పకు. దేవుని కాడి పువ్వును నేను తలల పెట్టుకుంటలేనా? నువ్వు గా హెల్మెటును గట్లనే పెట్టుకో. బెల్టు గూడ బిగించు.

మీ అక్క ప్రవీణ

హెల్మెటుకు నువ్వేసిన బంతిపూల దండ తీసి పారేసిన. నీ ఫొటోకు ఇంకో దండ నాతోని ఏపియ్యకు.