పదికి తొమ్మిదిన్నర

బుధవారం మధ్యాహ్నం,
హోటల్ రిసెప్షన్ వెనక గదిలోంచి

ఇంగ్లీషు టీచరమ్మ, నా ఒక్కగానొక్క ఆడపడుచు బుల్లికి,

నీ వదిన ఆశీర్వదించి, ఆ చేత్తోనే నాలుగు చీవాట్లు కూడా పెట్టి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయడం రివాజు కాబట్టి రాశాను. నువ్వూ, మీ ఆయనా, చంటిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్ చేస్తే మీ అన్నయ్య పక్కకొచ్చి కూర్చుని, స్పీకర్ పెట్టు, చెల్లి గొంతు వింటాను అంటారు. నువ్వేమో నా మాట సగంలో ఉండగానే దిద్దడం మొదలుపెడతావు. తెలుగులో రాస్తేనైనా నీ ఎర్రపెన్ను మూత తీయవని ఆశ.

నిన్న నీ మెసేజ్ చూశాను. వదినా, గ్రామర్ బాగా కుదిరింది కానీ ఎప్పుడూ ఆ డ్రైవరు గొడవేనా, ఈసారి పూలతోట మీదో విహారయాత్ర మీదో సరదాగా పది వాక్యాలు రాయి అన్నావు. తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. కౌంటర్ దగ్గర అతిథులు ఉండబట్టి ఊరుకున్నాను.

వానలు మొదలైనప్పుడు నేనే నీకు ఫోన్ చేశాను. హోటల్లో పై ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష పెడుతున్నారు, కాస్త పై తరగతి గ్రామర్ నేర్పమని అడిగాను. నువ్వు సంబరపడిపోయావు. వారానికో పాఠం నువ్వు పంపడం, దాని మీద పది వాక్యాలు రాసి ఫొటో తీసి నేను పంపడం, నువ్వు దిద్ది మార్కులు వేయడం, ఇదీ మన ఒప్పందం. పుస్తకంలోవి కాపీ కొట్టొద్దు, సొంతంగా, నీ జీవితంలోంచి రాయి అన్నది కూడా నువ్వే. రాశాను కదమ్మా. మరి ఎవరి జీవితంలోంచి అనుకున్నావు?

కోరికలు చెప్పే విష్ పాఠానికి ఏం రాశానో గుర్తుందా? మా ఆయన బస్సు నడపడం మానేస్తే బాగుండును అని రాశాను. నువ్వు పక్కన నవ్వు బొమ్మ వేసి, పాపం అన్నయ్య అన్నావు. పాసివ్ వాయిస్ వారం, స్కూలు బస్సు కుడివైపు అద్దం మళ్ళీ పగలగొట్టబడింది అని రాశాను. ఎవరిచేత అన్నది చెప్పనక్కర్లేదు, పాసివ్‌లో ఉన్న అందమే అది అని మెచ్చుకున్నావు. ఆ అందాన్ని ఏం చేసుకోను?

తర్వాత ఊహల పాఠం వచ్చింది. డ్రైవరుకు కుడికన్ను కనబడటం లేదేమో అని భయపడుతూ రాశాను. ఆధారాలు గట్టిగా ఉన్నప్పుడు అలా నసగకూడదు, మస్ట్ వాడాలి అన్నావు. ఆధారాలకేం కొదవ? టీ గ్లాసులో పోయబోయి కుడిపక్క బల్ల మీద పోస్తారు. గుమ్మం దాటినప్పుడల్లా కుడిభుజం తలుపుకు తగులుతుంది. వీధిలో నేను కుడివైపు నడుస్తుంటే, ఎక్కడికి పోయావంటూ ఆగి వెతుకుతారు. సరే, నీ మాట ప్రకారం మస్ట్ అని మార్చి పంపాను. టిక్కు పెట్టావు.

అలా జరక్కపోయి ఉంటే ఏమయ్యేదో చెప్పే థర్డ్ కండిషనల్ వారం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయా కిటికీ బాది అరవకపోయి ఉంటే కుడిపక్క నిలబడ్డ పాప బస్సు చక్రం కింద పడి ఉండేది. ఇదీ నేను రాసిన వాక్యం. నువ్వు అక్కడొక కామా లేదని సున్నా చుట్టి, అర మార్కు కోసి, పదికి తొమ్మిదిన్నర వేసి, శభాష్ వదినా అన్నావు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగిన పెద్దమనిషి నీకంటే నయం. అతగాడికి కనీసం మనుషుల పేర్లు గుర్తున్నాయి.

చూడు, నేను నీకేమీ చెప్పడం లేదు. చెప్పకూడదు కూడా. కంటి డాక్టరు దగ్గర నుంచి వచ్చిన రోజున మీ అన్నయ్య నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుని, చెల్లికి ఒక్క ముక్క చెప్పావంటే నా మీద ఒట్టే అన్నారు. ఎవరికి తెలిసినా ఆయనకు లెక్కలేదు, నీకు మాత్రం తెలియకూడదు. తెలిస్తే నువ్వు వచ్చి బస్సు తాళాలు ఇచ్చేయమంటావు, నువ్వంటే ఆయన ఇచ్చేస్తారు. ఇంతమందిలో నీ ఒక్కదాని మాటే ఆయనకు వేదవాక్కు. నేను చెబితే మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆయనేమో, బస్సులో పిల్లలు నా మాట తప్ప ఎవరి మాటా వినరు, నేను లేకపోతే బస్సెక్కరు అంటారు. నిజమే, ఎక్కరు. అంత ముద్దు చేస్తారు వాళ్ళను.

ఇంకా వినోదం విను. నేను నీ పాఠం ముందేసుకుని కూర్చుంటే ఎదురుగా ఆయనా కూర్చుంటారు. మా ఇంట్లో ఇంగ్లీషు వినబడుతోందని పొంగిపోతూ, ఏం రాశావో చదివి వినిపించమంటారు. నేను ఆయన కన్ను గురించి ఆయన ముందే ఇంగ్లీషులో చదివి వినిపిస్తాను. బాగుంది బాగుంది, చెల్లి మెచ్చుకుంటుంది అంటారు. ఆయనకు అర్థం కాలేదంటే అర్థముంది. ఎమ్మే చదివిన దానివి, నీకేమైందే?

నిన్న సాయంత్రం బస్సులో పిల్లలను ఎక్కించి దింపే ఆయా హోటల్ వెనక గేటు దగ్గరికి వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన కుడికన్ను ఆవిడే. కుడివైపు మనిషిగానీ బండిగానీ ఉంటే కిటికీ అద్దం మీద రెండుసార్లు కొడుతుంది, ఆయన ఆపుతారు. ఇద్దరూ నోటితో ఏమీ అనుకోలేదు, అలా అలవాటైపోయింది. కూతురి పురుడుకు వెళ్తోందట, సోమవారం నుంచి రాదట. బదులుగా వచ్చే అమ్మాయికి కిటికీ సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదని, చెబితే అన్నగారి పరువు పోతుందని, చెప్పకపోతే తనకు నిద్ర పట్టదని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈ సంగతి మీద వాక్యాలు రాద్దామంటే నువ్వు పూలతోట మీద రాయమన్నావు.

ఇక నా వల్ల కాదు. ఇన్ని వారాల వాక్యాలూ బయటికి తీసి, పెన్ను అవతల పారేసి, ఒక్కసారి మా ఇంటి ఆడపిల్లలా చదువు. నేను ఇంతకంటే ఏమీ అనలేదు. అన్నానని మాత్రం అనకు.

ఇట్లు,
మార్కులతో కడుపు నిండిపోయిన
నీ వదిన

తా.క.: అంటించబోయే ముందు ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను. ఇదీ డొంకతిరుగుడే. నువ్వు దీన్నీ చదివి, వదినకు కోపమొచ్చిందని మీ ఆయనతో చెప్పి నవ్వుకోగలవు. కాబట్టి తిన్నగా విను.

పరీక్ష లేదు, గిరీక్ష లేదు. హోటల్లో పై ఉద్యోగమూ లేదు. ఒట్టు తప్పకుండా నీకు చేరేయడానికి ఇంకో దారి తోచక, ఈ వయసులో ఆ గ్రామర్‌ను నెత్తికెత్తుకున్నాను. మీ అన్నయ్యకు కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమదానికీ చూపు తగ్గడం మొదలైందని, బస్సు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. అయినా రోజూ పిల్లలను ఎక్కించుకుని వెళ్తున్నారు.

ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. భయంగానే ఉంది. ఆయనకు ఏమన్నా అయితే నేనేమైపోతానో నాకు తెలియదు. కానీ ఒక్క తల మీద పెట్టిన ఒట్టు కోసం బస్సెడు పిల్లల తలలు పణం పెట్టలేను. స్కూలు వాళ్ళకు తెలిస్తే అందరి ముందూ తాళాలు లాక్కుని పంపేస్తారు. నువ్వు అడిగితే ఆయనే తీసి నీ చేతిలో పెడతారు. ఆ మర్యాద దక్కించడానికే ఇన్నాళ్ళూ ఆగాను.

ఈ ఉత్తరం రేపటికి చేరేలా కొరియర్‌లో వేస్తున్నాను. ఆదివారానికి రా. రాకపోతే సోమవారం బస్సు కదలకముందే నేను స్కూలుకు వెళ్ళి చెబుతాను. ఆయన జన్మలో నాతో మాట్లాడకపోయినా సరే.