నాన్న దగ్గరున్న కొలత

జూన్ 3
కుడి మడమ వెనక ఉల్లిపాయంత వాచింది. డాక్టరమ్మ బర్సైటిస్ అంది. ఎముకకీ స్నాయువుకీ మధ్య చిన్న నీటితిత్తి ఉంటుందట, బూటు వెనక అంచు దాన్ని ఒరుసుకుంటోందట. ఐస్, టాబ్లెట్లు, మడమ కింద మెత్త. అన్నిటికంటే ముందు ఆ బూట్లు మానెయ్యమంది. ఇంత గట్టిగా ఎవరు కుట్టారండీ అని నవ్వింది. మా నాన్న అని చెప్పలేదు.

జూన్ 4
మానలేను. పోయేముందు ఆయన కుట్టిన ఆఖరి జత. స్కూలుకి అవే వేసుకెళ్ళాను.

జూన్ 9, సాయంత్రం
కుంటుతూ పాఠం చెప్పాను. పిల్లలు కుర్చీ తెచ్చి వేశారు. సిగ్గేసింది.

నాన్న కొట్టు ఒకటే గుర్తొస్తోంది. తోలు వాసన, జిగురు వాసన. నోట్లో మేకులు ఉండగానే నన్ను కసిరేవాడు. వచ్చినవాళ్ళందరి కాళ్ళూ కొలిచేవాడు, మావి మాత్రం కొలిచేవాడు కాదు. ఇంట్లో తలా ఒక చెక్కపాదం చెక్కి గోడకి తగిలించాడు. కాలు పెరిగితే దానికి తోలుముక్క అతికించేవాడు. బూట్లన్నీ దానిమీదే కుట్టేవాడు. కొత్త జత కరవడం మామూలేలే అని ప్రతిసారీ ఓర్చుకున్నాను. ఈ జత మాత్రం మెత్తబడలేదు.

జూన్ 14
తమ్ముడొచ్చాడు. కొట్టు ఇప్పుడు వాడిదే. నా నడక చూసి, డాక్టర్ చెప్పినా వినవేంటక్కా అని చెడామడా తిట్టాడు. తర్వాత సంచిలోంచి నా చెక్కపాదం తీశాడు.

వాడి చెక్కపాదానికి పొరలు పొరలుగా తోలుంటుంది. నాదానికి ఒక్క ముక్క కూడా లేదు. కాలేజీలో చేరిన ఏడు చెక్కింది చెక్కినట్టే ఉంది. కాలు సాగిందేమో చూడు నాన్నా అని వీడంటే, దాని కాలు నాకు తెలీదా, నువ్వు చెప్పాలా అనేవాడట.

నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆయన దృష్టిలో నేనింకా కాలేజీ పిల్లనే.

జూన్ 15
వెనక భాగం కోసేస్తా, చెప్పుల్లా వాడుకో అన్నాడు తమ్ముడు. వద్దన్నాను. నువ్వు కుంటుతుంటే నాన్న చూడగలిగేవాడా అని అడిగాడు. సరే కొయ్యమన్నాను. వాడు కోస్తున్నంతసేపూ వంటింట్లో నిలబడ్డాను.

జూన్ 16
ఐస్.

జూలై 2
వాపు తగ్గింది. గోడకి చేతులానించి పిక్కలు సాగదీస్తున్నాను. కొత్త జత కోసం తమ్ముడు నా పాదాన్ని కాగితం మీద పెట్టించి పెన్సిల్‌తో గీశాడు. చక్కిలిగింత పెట్టింది. చిన్నప్పట్లా నవ్వుకున్నాం.

జూలై 20
పొద్దున లేచేసరికి నొప్పి లేదు. మడమ నొక్కి చూశాను. ఏమీ లేదు. నాన్న జత కరిచిన చోటే ఇంకాస్త గట్టిగా నొక్కాను.